కొత్త పిల్లికూనకి తుమ్ములు, కళ్ళకి పుసి: ఇంట్లో మిగతావాటికి అంటకుండా ఎలా?

వెన్నెల_గడప | మొదటి రోజు, రాత్రి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ భయం వేసి రాస్తున్నాను.

5 రోజుల క్రితం 2 నెలల పిల్లికూనని ఇంటికి తెచ్చుకున్నాం. పేరు చిట్టి. వచ్చిన రోజు చలాకీగానే ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఒకటే తుమ్ములు. ఇవాళ పొద్దున చూస్తే ఎడమ కన్ను పుసి కట్టి పూర్తిగా మూసుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళలో దూది తడిపి కాసేపు అద్ది ఉంచితే రెప్ప మెల్లగా విడింది. లోపల ఎర్రగా ఉంది. ముక్కు కూడా దిబ్బడగా ఉన్నట్టుంది, నోరు కొంచెం తెరిచి పడుకుంటోంది.

ఇంట్లో ఇంకా ముగ్గురున్నారు. చుక్క 12 ఏళ్ళ ఆడపిల్లి, కిడ్నీ జబ్బుతో మందుల మీద ఉంది. గోధుమ 4 ఏళ్ళ మగపిల్లి. రాజు 7 ఏళ్ళ కుక్క. వచ్చిన రోజే అందర్నీ కలిపేశాను, తప్పు నాదే. చిట్టీ గోధుమా ఒకే గిన్నెలో నీళ్ళు తాగాయి, ఒకదాన్నొకటి నాకుకున్నాయి. చుక్క మాత్రం బీరువా మీద నుంచి దిగలేదు.

రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఈ రాత్రికి ఏం చెయ్యాలో చెప్పండి. ఇల్లు చిన్నది. తలుపు వేసుకునే వీలున్నవి పడకగది, బాత్రూమ్, అంతే. చుక్క గురించే నా దిగులంతా.

---

దీపకళిక | మొదటి రోజు, రాత్రి

వెన్నెల గారూ, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. నేను 11 ఏళ్ళుగా జంతువుల ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మీరు చెప్పింది వింటే మేం పిల్లుల జలుబు అని పిలిచేదే అనిపిస్తోంది. దీని వెనుక ఎక్కువగా ఉండేవి రెండు వైరస్‌లు, పిల్లుల హెర్పిస్, కాలిసి. ఏదన్నది రేపు డాక్టరు చూసి చెప్తారు. ఈ రాత్రికి చెయ్యాల్సింది రెండిటికీ ఒకటే.

చిట్టిని బాత్రూమ్‌లో పెట్టండి. కడుక్కోవడానికి వీలుగా ఉండే గది కాబట్టి అదే మంచిది. నేల చల్లగా ఉంటుంది, అడుగున అట్టపెట్టె పెట్టి దానిమీద మందంగా దుప్పటి వెయ్యండి. గిన్నెలు, మలమూత్రాలకి పెట్టే లిట్టర్ బాక్స్, తువ్వాలు, దూది అన్నీ ఆ గదిలోవి ఆ గదిలోనే. బయటికి రాకూడదు. మీరు వేడినీళ్ళతో స్నానం చేసేటప్పుడు లేచే ఆవిరి దాని ముక్కుకి హాయిగా కూడా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది గాలి గురించే భయపడతారు. కిటికీలు మూస్తారు, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుతారు. పిల్లి మామూలుగా ఊపిరి పీలిస్తే ఈ వైరస్ గది దాటి పోదు. తుమ్మితే తుంపర ఒక మీటరు, మీటరున్నర దాకా పడుతుంది. ఆ తుంపర పడిన గిన్నెని, దుప్పటిని, మీ చొక్కా చేతిని ముట్టుకుని మీరు ఇంకో పిల్లిని నిమిరితే అంటుకుంటుంది. మూసిన తలుపుని దాటించేది మన చేతులే.

అందుకని మూడు పనులు. ఒక పాత చొక్కా, ఒక జత చెప్పులు బాత్రూమ్ తలుపుకి లోపలివైపు పెట్టుకోండి, లోపల ఉన్నంతసేపు అవే. బయటికి వచ్చేముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. సీసాలో వచ్చే చేతుల శానిటైజర్ మీద ఆధారపడకండి, కాలిసి వైరస్ మీద అది సరిగా పనిచెయ్యదు. మూడోది వరస. పొద్దునా సాయంత్రం ముందు చుక్క పని, తర్వాత రాజు, తర్వాత గోధుమ, చివర చిట్టి. ఈ వరసని ఎంత నిద్రమత్తులో ఉన్నా తిరగెయ్యకండి.

ఇంకొక్క మాట. ఇంట్లో పాతవి మిగిలిన కంటి చుక్కలు ఏవైనా ఉంటే చిట్టికి వెయ్యకండి. హెర్పిస్ అయితే నల్లగుడ్డు మీద పుండు పడి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు పడితే ఆ పుండు ముదురుతుంది.

---

తోక_ఊపుడు | మొదటి రోజు, రాత్రి

అక్కా, రాజుకి రాదు కదా? మా ఇంట్లో కూడా కుక్క, పిల్లి రెండూ ఉన్నాయి. అందుకే అడుగుతున్నా.

---

దీపకళిక | మొదటి రోజు, రాత్రి

పిల్లుల హెర్పిస్ కుక్కలకి రాదు తమ్ముడూ. కాలిసి గురించి కూడా కుక్కల విషయంలో దిగులు పడక్కర్లేదు. కానీ బోర్డెటెల్లా అని ఒక బాక్టీరియా ఉంది, కుక్కల్లో ఆగకుండా వచ్చే దగ్గుకి ఒక కారణం. అది పిల్లులకీ వస్తుంది, అటూ ఇటూ అంటుతుంది. కాబట్టి రాజు దగ్గడం మొదలుపెడితే దాన్ని వేరే జబ్బు అని వదిలెయ్యకుండా చూపించాలి. పైగా రాజుకి జబ్బు రాకపోయినా, చిట్టిని మూతితో తోసి ఆ తడి మూతితోనే చుక్క దగ్గరికి వెళ్తే మోసుకెళ్ళేది అదే.

---

గడ్డిపరక | రెండో రోజు, పొద్దున

ఇప్పటికే 5 రోజులు కలిసి తిరిగాయి కదండీ. అంటాల్సింది అంటేసే ఉంటుంది. ఇప్పుడు వేరు చేసి ఆ పసిదాన్ని ఒంటరిగా ఏడిపించడం ఎందుకు? మా ఇంట్లో 3 పిల్లులకి ఒకేసారి వచ్చింది, అన్నీ కలిసే కోలుకున్నాయి. ఒంటరితనం వల్ల కూడా జబ్బు పెరుగుతుంది అంటారు.

---

దీపకళిక | రెండో రోజు, పొద్దున

గడ్డిపరక గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యను. గోధుమకి ఇప్పటికే అంటి ఉండే అవకాశం ఎక్కువే. కానీ చుక్క దూరంగా ఉంది. కిడ్నీ జబ్బుతో ఉన్న 12 ఏళ్ళ పిల్లి 2 రోజులు తిండి, నీళ్ళు మానేస్తే ఏమవుతుందో నేను చూశాను. దాన్ని కాపాడటానికే ఈ తలుపు.

అందుకే ఇలాంటప్పుడు ఇంటిని రెండు భాగాలు కాదు, మూడు అనుకోవాలి. జబ్బు పడింది చిట్టి. కలిసి తిరిగింది కానీ ఇంకా లక్షణాలు లేనిది గోధుమ. దగ్గరికే పోనిది చుక్క. ఈ జలుబు అంటాక బయటపడటానికి మామూలుగా 2 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ గోధుమ బాగానే కనిపించొచ్చు, లోపల వైరస్ ఉండొచ్చు. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే, జబ్బు పడినదాన్ని వేరు చేసి, దానితో కలిసి పడుకున్నదాన్ని మంచివాటితో వదిలేస్తారు. కుదిరితే చుక్కకి పడకగది ఇచ్చెయ్యండి. హాలు గోధుమకీ రాజుకీ.

---

నల్లచెవులు | రెండో రోజు, మధ్యాహ్నం

పైన జరుగుతున్న చర్చ చదివి నా సంగతి రాయకుండా ఉండలేకపోయాను. ఇది పిల్లుల జలుబు గురించి కాదు, కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో అనే వైరస్ జబ్బు గురించి. కానీ కొత్త పిల్లని తెచ్చుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

మా మొదటి కుక్కపిల్లకి 10 వారాలు. ఒక టీకా పడింది, రెండోది వారంలో పడాలి. సోమవారం తిండి వాసన చూసి పక్కకి తిరిగింది. సాయంత్రానికి వాంతులు. మంగళవారం రక్తంతో నీళ్ళ విరేచనాలు, ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేం. ఆసుపత్రిలో 4 రోజులు సెలైన్ మీద ఉంచారు. దక్కలేదు.

ఇల్లంతా కడిగాం. చాలా సార్లు కడిగాం. ఘాటైన వాసన వచ్చే నేల మందు పోసి తుడిచాం, చేతుల శానిటైజర్ డబ్బాలు డబ్బాలు ఖాళీ చేశాం. 3 వారాల తర్వాత, ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక ఇంకో పిల్లని తెచ్చుకున్నాం. 6 రోజులకి అదీ పడిపోయింది. రెండో పిల్ల కోలుకుంది, ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే ఉంది. కానీ ఆ వారం రోజులు నేను ఏం అనుభవించానో చెప్పలేను.

తర్వాత డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు. పార్వో వైరస్‌కి పైన కొవ్వు పొర ఉండదట. సబ్బు, స్పిరిట్ లాంటివి చాలా వైరస్‌లని చంపేది ఆ పొరని కరిగించే. ఇక్కడ కరిగించడానికి ఆ పొరే లేదు. అందుకే అది నేలలో, సందుల్లో, తివాచీలో నెలల తరబడి, నీడా తేమా దొరికితే ఏడాది దాటి కూడా బతికి ఉంటుంది. ఈ కుక్కల పార్వో 1978లో బయటపడి, రెండేళ్ళలోనే ప్రపంచమంతా పాకింది. ఎందుకు అంత వేగంగా పాకిందో మా ఇంటి గడప దగ్గరే నాకు అర్థమైంది, మా చెప్పుల అడుగునే ఉండి ఉంటుంది అది.

దాన్ని చంపేది బ్లీచ్. ఒక పాలు బ్లీచ్‌కి 30 పాళ్ళు నీళ్ళు. ముందు మురికి, మలం, వెంట్రుక లేకుండా సబ్బుతో కడగాలి, ఎందుకంటే మురికి మీద పోస్తే బ్లీచ్ బలమంతా ఆ మురికికే సరిపోతుంది. ఆ తర్వాత బ్లీచ్ నీళ్ళు పోసి 10 నిమిషాలు తడిగా ఉంచాలి. మేం పోసిన వెంటనే తుడిచేసేవాళ్ళం. ఆ 10 నిమిషాలు ఎవరైనా ముందే చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

---

తోక_ఊపుడు | రెండో రోజు, మధ్యాహ్నం

అన్నా, చదువుతుంటే కళ్ళు తడిశాయి. మీ రెండోది బాగుండాలి.

---

దీపకళిక | రెండో రోజు, సాయంత్రం

నల్లచెవులు గారూ, ఇంత బాధని మళ్ళీ తవ్వుకుని రాసినందుకు కృతజ్ఞతలు. మీ తప్పేమీ లేదు, ఆ వయసే అలాంటిది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ ఉంటుంది, కానీ టీకాని పనిచెయ్యనివ్వనంత మిగిలే ఉంటుంది. ఆ సందులో వైరస్ దూరుతుంది. అందుకే 6 నుంచి 8 వారాలకి మొదలుపెట్టి, 3, 4 వారాలకొకసారి, 16 వారాలు నిండే దాకా టీకాలు వేస్తాం. ఒకటి పడింది కదా అని ధైర్యపడకూడదు.

మీ మాటకి రెండు కలుపుతాను. పార్వో పట్టిన కుక్క లక్షణాలు బయటపడకముందే మలంలో వైరస్ వదలడం మొదలుపెడుతుంది, కోలుకున్నాక కూడా 2 వారాల దాకా వదులుతుంది. లేచి ఆడుతోంది కదా అని వెంటనే కలపకండి. ఇంకోటి, ఇప్పుడు తిరుగుతున్న కుక్కల పార్వో రకాలు టీకా లేని పిల్లులకి కూడా అంటగలవు. పిల్లులకి వాటి సొంత పార్వో ఎలాగూ ఉంది. కుక్క జబ్బు కుక్కకే అని పిల్లికూనని ఆ గదిలో తిరగనివ్వకండి.

బ్లీచ్ వాడేవాళ్ళకి గట్టిగా చెప్తున్నా, దాన్ని ఆమ్లం ఉన్న బాత్రూమ్ క్లీనర్‌తో కానీ, అమ్మోనియా ఉన్నదానితో కానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. మూత్రం మీద కూడా నేరుగా పొయ్యొద్దు, ముందు నీళ్ళతో కడిగెయ్యండి. ఏ రోజుకి ఆ రోజు కొత్తగా కలుపుకోవాలి. 10 నిమిషాలయ్యాక మంచినీళ్ళతో కడిగి, ఆరాకే జంతువుని వదలాలి.

---

పాతకాపు | రెండో రోజు, సాయంత్రం

ఇంత తంటా ఎందుకండీ. నీళ్ళలో పోస్తే తెల్లగా పాలలా మారే ఘాటు క్లీనర్లు ఉంటాయి కదా, మేం ఏళ్ళుగా కుక్కల గది దానితోనే తుడుస్తున్నాం. క్రిములన్నీ పోతాయి. వెన్నెల గారు కూడా బాత్రూమ్‌లో అదే వాడొచ్చు.

---

దీపకళిక | రెండో రోజు, రాత్రి

పాతకాపు గారూ, దయచేసి పిల్లులున్న ఇంట్లో అది వద్దు. అలా పాలలా మారేవాటిలో చాలావాటిలో ఫినాల్ జాతి మందులుంటాయి. పిల్లి కాలేయానికి వాటిని విడగొట్టి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. నేల మీద నడిచి, పాదాలు నాకి, అది విషాన్ని మింగుతుంది. చిట్టి అంత పసిదైతే ఇంకా ప్రమాదం. మనుషులు జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లిని చంపేది కూడా దాదాపు ఇదే కారణంతో. ఒక్క మాత్ర చాలు. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని ఎవరూ అది ఇవ్వకండి.

---

పాతకాపు | రెండో రోజు, రాత్రి

ఇది నాకు తెలియదమ్మా. మా అమ్మాయి పిల్లిని తీసుకుని వచ్చే నెల మా ఇంటికి వస్తోంది. ఆ సీసాలు ఇవాళే తీసేస్తాను. చెప్పి మంచి పని చేశారు.

---

వెన్నెల_గడప | మూడో రోజు, రాత్రి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టరు గారు కంట్లో రంగు చుక్క వేసి నీలి దీపంతో చూశారు. నల్లగుడ్డు అంచున చిన్న ఆకుపచ్చ గీతలా మెరిసింది. అదే పుండట, హెర్పిస్ అయి ఉంటుందని చెప్పి మందులిచ్చారు. మీరు పాత చుక్కలు వద్దన్నది గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. నా డబ్బాలో అలాంటిది ఒకటి ఉంది.

చుక్క పడకగదిలో, చిట్టి బాత్రూమ్‌లో. ఒక్కటే భరించలేకపోతున్నాను. నేను తలుపు వేసిన క్షణం నుంచి చిట్టి ఏడుస్తుంది. గొంతు బొంగురుపోయి, అరుపు కూడా సరిగా రాదు, తలుపు కింద సందులోంచి చిన్న తెల్లటి కాలు బయటికి పెట్టి నేలని గీకుతూ ఉంటుంది. రాజు వెళ్ళి ఆ కాలి ముందే పడుకుంటున్నాడు. వాణ్ణి లాక్కొచ్చేసరికి నాకు ఏడుపొస్తోంది. దానికి మనం శిక్ష వేస్తున్నామేమో అనిపిస్తోంది.

ఇంకో సంగతి, గోధుమ సాయంత్రం 3 సార్లు తుమ్మాడు.

---

చారల_తల్లి | మూడో రోజు, రాత్రి

వెన్నెల గారూ, నేను దీన్ని దాటి వచ్చినదాన్నే, తామరతో. మా పిల్లికి చెవి దగ్గర రూపాయి బిళ్ళంత గుండ్రంగా వెంట్రుక ఊడింది. అదేదో గీరుకుపోయింది అనుకున్నాం. 2 వారాలకి రెండో పిల్లికి, ఇంకో వారానికి మా అమ్మాయి ముంజేతి మీద ఎర్రటి వలయం. తామర మనుషులకీ అంటుతుంది. ఊడిన వెంట్రుకలో దాని బీజాలు ఏడాదిన్నర దాకా బతుకుతాయని తెలిసినప్పుడు మంచం మీద కూర్చుండిపోయాను.

5 నెలలు పట్టింది. పైకి వెంట్రుక మొలిచినా మందు ఆపొద్దని, పరీక్షలో లేదని తేలాకే ఆపాలని డాక్టరు గారు పట్టుబట్టారు, అదే మమ్మల్ని కాపాడింది. మందుతో పాటు పనిచేసింది వెంట్రుకని ఏరెయ్యడం. రోజూ వాక్యూమ్, అంటుకునే టేపుతో సోఫా, తడిగుడ్డతో అల్మరా అంచులు. బ్లీచ్ కన్నా ముందు ఇదే.

నేను చెప్పాలనుకున్నది వేరే. వేరుగా పెట్టిన 5 నెలల్లో మా పిల్లి మనుషులంటే భయపడకుండా ఉందంటే కారణం ఒక్కటే. రోజు పని మొత్తం ముగించి, రాత్రి చివర దాని గదిలో గంట కూర్చునేదాన్ని. ఆ తర్వాత ఇంకెవర్నీ ముట్టుకునే పని లేదు కాబట్టి దాన్ని ఒళ్ళో పెట్టుకోవడానికి భయం లేదు. పుస్తకం చదివేదాన్ని, పైకి, దాని కోసం. బయటికి వచ్చి బట్టలు మార్చి, స్నానం చేసి పడుకునేదాన్ని. మీరూ చిట్టి వంతుని చివర పెట్టారు కదా, ఆ వంతుని పెద్దది చెయ్యండి. మందు వేసి పరుగెత్తి వచ్చేస్తే అది ఏడుస్తుంది. గంట కూర్చుంటే నిద్రపోతుంది.

---

దీపకళిక | మూడో రోజు, రాత్రి

చారల తల్లి గారు చెప్పినదానికన్నా బాగా నేను చెప్పలేను. దానికి వైద్యం వైపు నుంచి కూడా బలముంది. హెర్పిస్ ఒకసారి వస్తే ఒంట్లోంచి పూర్తిగా పోదు, నరాల్లో నిద్రపోతుంది. బెంగ, భయం, ఇల్లు మారడం లాంటివి దాన్ని లేపుతాయి. చిట్టిని ప్రశాంతంగా ఉంచడం దాని మందులో భాగమే.

గోధుమ తుమ్మాడు కాబట్టి వాడిని ఇక చిట్టితో కలిపి ఉంచొచ్చేమో డాక్టరుని అడగండి. ఆయన సరేనంటే చిట్టికి తోడు దొరుకుతుంది. రాజుని తలుపు ముందు పడుకోనివ్వండి, చిట్టి కాలు నాకనివ్వకండి. సందుకి అడ్డంగా చుట్టిన తువ్వాలు పెడితే చాలు, ఒకరి వాసన ఒకరికి తెలుస్తుంది.

తిండి మీద ఒక కన్ను వేసి ఉంచండి. ముక్కు మూసుకుపోతే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియని తిండి అది తినదు. తడి తిండిని గోరువెచ్చగా చేసి పెట్టండి, ముక్కు ముందు తుడవండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే మర్నాటి దాకా ఆగొద్దు. పెద్ద పిల్లి 2, 3 రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అది వేరే జబ్బుగా మారుతుంది. చిట్టి లాంటి కూనకి అంత వ్యవధి కూడా ఉండదు.

---

మూడు_గూళ్ళు | నాలుగో రోజు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా ఇంట్లో కుందేలు ఉంది, పిల్లలు గినీ పిగ్‌ని కూడా తెద్దామంటున్నారు. రెండూ ఒకే బోనులో ఉంచొచ్చా? రెండూ గడ్డి తినేవే కదా.

---

దీపకళిక | నాలుగో రోజు

వద్దండి. ఇందాక చెప్పిన బోర్డెటెల్లా చాలా కుందేళ్ళ ముక్కులో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది. అదే గినీ పిగ్‌కి చేరితే న్యుమోనియా అయ్యి ప్రాణం తీస్తుంది. కుందేలు ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన లాభం లేదు. వేరే బోనులు, కుదిరితే వేరే గదులు, మధ్యలో చేతులు కడుక్కోవడం.

పక్షులున్న వాళ్ళకి కూడా ఒక మాట. కొత్త పక్షిని పాతవాటి గదిలో పెట్టేముందు కనీసం నెల, నెలన్నర వేరుగా ఉంచండి. చిలకల్లో వచ్చే సిట్టకోసిస్ మనుషులకీ అంటుతుంది, ఆ పక్షి పైకి బాగానే ఉండొచ్చు. రెట్ట ఎండిపోయి పొడి లేవకముందే తడిపి తియ్యండి.

---

తోక_ఊపుడు | ఐదో రోజు

అక్కా, ఇంకో సందేహం. మా కుక్కకి గెంతే చిన్న పురుగులు, ఫ్లీలు పట్టాయి. కుక్క మెడ మీద వేసే చుక్కమందు ఇంట్లో ఉంది. పిల్లికి కూడా అదే సగం వేసెయ్యనా?

---

దీపకళిక | ఐదో రోజు

ఆగు తమ్ముడూ! డబ్బా మీద పెర్మెత్రిన్ అని రాసి ఉందేమో ముందు చూడు. అది కుక్కలకి మంచిదే, పిల్లికి విషం. సగం కాదు, కొన్ని చుక్కలు పడినా వణుకు, ఫిట్స్ వస్తాయి. పిల్లికి పిల్లుల కోసం చేసినదే, దాని బరువుకి తగ్గట్టు, డాక్టరుని అడిగి వెయ్యి. పెర్మెత్రిన్ అయితే కుక్కకి వేశాక కూడా పిల్లి దాని మెడ నాకకుండా, ఆనుకుని పడుకోకుండా 3 రోజులు వేరుగా ఉంచు.

ఒక జంతువుకే మందు వేస్తే ఇవి పోవు. ఒంటి మీద కనిపించేవి మొత్తంలో 5 శాతమే, మిగతావన్నీ గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూళ్ళుగా పక్కబట్టల్లో, నేల సందుల్లో ఉంటాయి. ఇంట్లో జంతువులన్నిటికీ ఒకే రోజు, వరసగా 3 నెలలైనా వెయ్యాలి. వాటి దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో ఉతకాలి. చెవిలో నల్లటి పొడిలా కనిపించే చెవి పురుగుకి కూడా అంతే, కుక్కకీ పిల్లికీ అటూ ఇటూ పాకుతుంది, అన్నిటికీ కలిపి వైద్యం చెయ్యాలి.

---

తోక_ఊపుడు | ఐదో రోజు

చూశానక్కా. పెర్మెత్రిన్ అనే ఉంది. చేతులు వణుకుతున్నాయి, నిన్న రాత్రే వెయ్యబోయాను. డబ్బా పైఅల్మరాలో పెట్టేశా.

---

వెన్నెల_గడప | ఎనిమిదో రోజు

డాక్టరు గారు సరే అన్నాక గోధుమని చిట్టి దగ్గరికి పంపాను. వాడికి 4 రోజులు తుమ్ములు, కొంచెం చీమిడి, అంతే. ఏటేటా టీకా పడటం వల్లే తేలిగ్గా పోయిందన్నారు. ఈ టీకా జలుబుని పూర్తిగా ఆపకపోవచ్చు కానీ ముదరనివ్వదట. చుక్కకి మాత్రం కిడ్నీ జబ్బు వచ్చాక నేనే టీకాలు వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు దాని గురించి డాక్టరు గారితో మాట్లాడాను, ఇంకో నెలలో ఒళ్ళు చూసి నిర్ణయిస్తారు.

రోజూ రాత్రి చిట్టి దగ్గర గంట కూర్చుంటున్నాను. మొన్న మొదటిసారి నా పాత చొక్కా జేబులో తల పెట్టి పడుకుంది. ముక్కులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది ఇంకా, కానీ నోరు మూసుకునే పడుకుంటోంది.

చుక్క తుమ్మలేదు. రోజుకి పదిసార్లు వెళ్ళి వింటున్నాను.

---

గడ్డిపరక | ఎనిమిదో రోజు

వెన్నెల గారూ, మొదట వేరు చెయ్యక్కర్లేదు అన్నది నేనే. చుక్క వయసు, జబ్బు నేను లెక్కలోకి తీసుకోలేదు. మీరు నా మాట వినకపోవడమే మంచిదైంది. చుక్క బాగుందని మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటాను.

---

వెన్నెల_గడప | ఇరవై రెండో రోజు

చెప్పినట్టే రాస్తున్నాను గడ్డిపరక గారూ. చుక్కకి రాలేదు.

చిట్టి కన్ను మానింది. మళ్ళీ రంగు వేసి చూస్తే ఆకుపచ్చ గీత లేదు. తుమ్ములు ఆగి 2 వారాలు దాటాక, నిన్న బాత్రూమ్ తలుపు తెరిచాం. ముందురోజు అట్టపెట్టె, పాత దుప్పటి, లిట్టర్ బాక్స్ బయట పారేశాను. నేల, గోడలు సబ్బుతో కడిగి, బ్లీచ్ నీళ్ళు పోసి గడియారం పెట్టుకుని 10 నిమిషాలు ఉంచాను. నల్లచెవులు గారూ, ఆ 10 నిమిషాలూ మీ మొదటి కుక్కపిల్లనే తలుచుకున్నాను.

చిట్టి వెంటనే బయటికి రాలేదు. గడప మీద కూర్చుని హాలంతా చూసింది. రాజు తోక నేలకేసి కొడుతున్నాడు కానీ కదల్లేదు. చుక్క బీరువా మీద నుంచి ఒకసారి బుస్సుమంది, మళ్ళీ కళ్ళు మూసుకుంది. నీళ్ళ గిన్నెలు 4 చోట్ల వేరువేరుగా పెట్టాను, లిట్టర్ బాక్సులు కూడా ఎవరిది వాళ్ళకి. చుక్క గదిలోకి చిట్టికి ఇంకొన్నాళ్ళు ప్రవేశం లేదు.

---

దీపకళిక | ఇరవై రెండో రోజు

నాకు డ్యూటీలో ఉండగా ఇది కనిపించింది, పక్కనున్న వాళ్ళందరికీ చదివి వినిపించాను. వెన్నెల గారూ, చిట్టి తర్వాతి టీకా తేదీ ఇప్పుడే ఎక్కడైనా రాసుకోండి. 16 వారాలు నిండే దాకా ఒక్కటి కూడా తప్పొద్దు. ఇల్లు మారినా, కొత్తవాళ్ళు వచ్చినా ఆ తర్వాతి 2, 3 వారాలు దాని కళ్ళు చూస్తూ ఉండండి. మళ్ళీ పుసి కడితే ఆ రోజే చుక్కకి దూరంగా పెట్టి, డాక్టరుకి చూపించండి.

---

వెన్నెల_గడప | ఇరవై రెండో రోజు

రాసుకున్నాను. క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో. పాత చొక్కా ఉతికి బాత్రూమ్ తలుపు వెనకే తగిలించి ఉంచాను.